నా దిగులుకు పన్నెండేళ్ళ దుబాసీ

ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది: ఇందులో నేను మంచిదాన్ని కాను. జబ్బు చేసింది నాకే, మందులు మింగిందీ నేనే. కాని జాలి పడదలచుకుంటే మా అమ్మాయి మీద పడండి. నేను మాటకారిని. మధ్యలో నాలుగు మాటలతో మిమ్మల్ని నవ్వించి, నవ్వుల్లోనే క్షమాపణ కూడా పుచ్చేసుకోగలను. ఇన్నేళ్ళూ ఆ విద్యతోనే నెట్టుకొచ్చాను. అందుకే ముందు జాగ్రత్తగా ఈ హెచ్చరిక.

మాది తణుకు దగ్గర ఒక పల్లెటూరు. ఎనిమిదో తరగతి సగంలో బడి మానేశాను. బడే నన్ను మానేసిందని మా నాన్న అనేవాడు. పెళ్ళయ్యాక ఢిల్లీ వచ్చాను. మా ఆయన ప్రసాద్‌గారు కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. ఘాజియాబాద్ వైపు వైశాలిలో, మూడో అంతస్తులో అద్దెకు ఉండేవాళ్ళం. ఒక్కతే కూతురు, హారిక. తెలుగు బాగా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. ఇంట్లో మేం ముగ్గురం మాట్లాడుకుంటుంటే బయటివాళ్ళకు రెండు స్టేషన్లు ఒకేసారి పట్టిన రేడియోలా వినిపించేది.

మా అపార్టుమెంట్లలో తెలుగు కుటుంబాలు ఓ పది ఉండేవి. చలికాలం మధ్యాహ్నాలు ఆడవాళ్ళందరం డాబా మీద ఎండలో చేరి బఠాణీలు ఒలిచేవాళ్ళం. ఒలవడం వాళ్ళ వంతు, నోరు నా వంతు. సత్య రాకపోతే బఠాణీలు ఒలవబుద్ధి కాదని సుజాతక్క అనేది. ఆ మాటకు నేను ఎంత పొంగిపోయేదాన్నో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

2006, వానలు

ఎప్పుడు మొదలైందో తారీఖు చెప్పలేను. కారణం అడక్కండి, లేదు. అత్తగారు సాధించలేదు, ఆయనకు ఏ అలవాటూ లేదు, పిల్ల బంగారం. ఏమీ జరగకుండానే జరిగింది, అదే పెద్ద సిగ్గు. పొద్దున్నే స్టవ్ మీద పాలు పెట్టి, అవి పొంగి గట్టంతా పారుతుంటే చూస్తూ నిలబడేదాన్ని. కట్టేయాలని తెలుసు. చెయ్యి మాత్రం ఎక్కడో పక్కింట్లో ఉన్నట్టుండేది.

తల దువ్వుకోవడానికి గంట. స్నానానికి ఇంకో గంట. ఆయన ఆఫీసుకీ పిల్ల బడికీ వెళ్ళిపోయాక మంచం అంచున కూర్చుంటే, వాళ్ళు తిరిగొచ్చే వేళకు కూడా అక్కడే ఉండేదాన్ని. తాళం తీసిన చప్పుడు వినగానే లేచి గరిటె పట్టుకునేదాన్ని.

నోరు ఒక్కటే ఆరోగ్యంగా ఉంది. ఒకనాడు సుజాతక్క, "మా ఆయనకి ప్రమోషనొచ్చిందే సత్యా. ఇంక రోజూ ఇంటికి ఆలస్యంగానే వస్తారట," అంది.

"అయితే నీక్కూడా ప్రమోషనొచ్చినట్టే అక్కా," అన్నాను.

అందరూ విరగబడి నవ్వారు. వాళ్ళు నవ్వుతుంటే నాకేమీ వినబడలేదు. తాళమేసిన ఇంట్లో కట్టడం మర్చిపోయిన టీవీలా నా నోరు దాని మానాన అది మాట్లాడుతోంది. ఇంట్లో మనిషి ఉందో లేదో ఎవరికి తెలుస్తుంది?

2006, నవంబరు

ఇక్కడ మా ఆడవాళ్ళ అలవాటు ఒకటి చెప్పాలి. మాకు హిందీ రాదని కాదు. ఉల్లిపాయల హిందీ వచ్చు, నీళ్ళ ట్యాంకరు హిందీ వచ్చు, ఆటో భయ్యాతో తగవులాడే హిందీ బ్రహ్మాండంగా వచ్చు. దిగులు హిందీ రాదు. అది ఏ సంతలోనూ దొరకలేదు. అందుకని బ్యాంకైనా, బడిలో టీచరైనా, ఆసుపత్రైనా, ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళం. మా నోళ్ళు మా పిల్లలే. నోటికి వయసెంతని ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

ఆయన్ని తీసుకెళ్ళొచ్చు కదా అంటారా? ఆయన వింటారనే తీసుకెళ్ళలేదు. ఒంట్లో నీరసంగా ఉందని చెప్పి, శనివారం హారికకు సెలవని, దాన్ని వెంటబెట్టుకుని ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాను. దానికప్పుడు పన్నెండేళ్ళు.

పేరు రాయించుకునే చీటీ, పర్చీ, దాని కోసం లైను, ఆ తరువాత బెంచీ. బెంచీ మీద రెండున్నర గంటలు. హారిక మోకాళ్ళ మీద పుస్తకం పెట్టుకుని సైన్సు హోంవర్కు చేసుకుంది. పక్కనున్న ముసలమ్మ దోసెడు వేరుశనక్కాయలు దాని ఒళ్ళో పోసింది. అది ఒలిచి సగం నాకు పెట్టింది. తల్లిని డాక్టరుకు చూపించడానికి తీసుకొచ్చిన పెద్దమనిషిలా ఉంది. నాకది ముద్దుగా అనిపించింది. నిజం చెప్తున్నాను, ముద్దుగానే అనిపించింది.

డాక్టరుగారు తలెత్తకుండానే "క్యా తక్లీఫ్ హై?" అని, బాధేమిటని అడిగారు.

నేను హారికతో తెలుగులో, నవ్వుతూ చెప్పాను. "బాల్కనీలోంచి చూస్తే నేల భలే దగ్గరగా కనిపిస్తోందని చెప్పవే. ఇన్ని మెట్లు దిగడం దేనికి, ఇదే దగ్గరి దారి కదా అనిపిస్తోందని చెప్పు."

పిల్ల నా మొహంలోకి చూసింది. నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను. అది డాక్టరువైపు తిరిగి, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "మమ్మీకో ఊపర్ సే నీచే దేఖ్‌నే పర్ చక్కర్ ఆతా హై."

పైనుంచి కిందికి చూస్తే మమ్మీకి చక్కర్ వస్తోందట. చక్కర్ అంటే కళ్ళు తిరగడం. నాకు ఆ మాత్రం హిందీ వచ్చు. పిల్ల మాట మార్చిందని ఆ క్షణంలోనే తెలిసింది. "నహీ డాక్టర్ సాబ్," అంటే సరిపోయేది, మూడు ముక్కలు. అనలేదు. నాకు హమ్మయ్య అనిపించింది. చెప్పాల్సింది చెప్పేశాను, ఎవరికీ తెలియలేదు, రెండు పనులూ అయ్యాయి. డాక్టరుగారు రక్తం తక్కువుందని బలానికి బిళ్ళలు రాశారు. ఆయన తప్పేం లేదు. ఆయన చెవిన పడిందానికి ఆయన మందిచ్చారు.

బయటికొచ్చాక హారిక నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు కాదు, మణికట్టు.

"మమ్మీ, మజాక్ థా నా?"

"మజాకే లేవే," అన్నాను. ఆటో ఎక్కి అరటిపళ్ళు కొన్నాను.

2007, జనవరి నుంచి మార్చి

బట్టలు ఆరెయ్యడం హారిక తన పని చేసుకుంది. పిల్ల బుద్ధిమంతురాలైందని ఆయన మురిసిపోయారు. బట్టలు ఆరేసి, బాల్కనీ తలుపుకు తాళం వేసి, తాళంచెవి తన జామెట్రీ బాక్సులో పెట్టుకుని బడికి వెళ్ళేది. సోమవారం కడుపునొప్పి అనేది. బుధవారం తలనొప్పి. వార్షికోత్సవానికి డాన్సు నేర్చుకుంటున్నదల్లా మానేసింది. నేను స్నానాల గదిలో ఉంటే రెండు నిమిషాలకోసారి తలుపు కొట్టి, "మమ్మీ, ఠీక్ హో?" అనేది.

నాకు అన్నీ కనిపిస్తున్నాయి. కనిపిస్తే ఏం చేశాను? డాబా మీద పదిమందిలో, "మా ఇంటికి జైలరమ్మ వచ్చిందర్రా. నా శిక్ష ఎప్పుడు తీరుతుందో దాన్నే అడగాలి," అన్నాను. అందరూ నవ్వారు. హారిక అక్కడే ఉంది. కింద పడ్డ బఠాణీలు ఏరుతోంది. అది తలెత్తలేదు.

ఇది రాస్తున్నప్పుడు కలం పక్కన పెట్టి కాసేపు తిరిగొచ్చాను.

మార్చిలో బడి నుంచి కబురొచ్చింది. హాజరు తక్కువ, లెక్కల్లో తప్పింది. ఆయన సెలవు పెట్టి వెళ్ళొచ్చి, బూట్లు కూడా విప్పకుండా పిల్లను నిలదీశారు. గొంతు పెంచడం ఆయనకు చేతకాదు. ఆ రోజు పెంచారు.

"ముప్ఫై రోజులు బడికెళ్ళలేదంట! ఇంట్లో ఏం వెలగబెడుతున్నావ్? ఎవరికి కాపలా కాస్తున్నావ్?"

ఎన్నేళ్ళుగానో తెలుగులో ఒక్క వాక్యం పూర్తిగా మాట్లాడని పిల్ల, తెలుగులో చెప్పింది.

"నేను స్కూల్‌కెళ్తే అమ్మ దూకేస్తుంది నాన్నా."

ఆయన సోఫాలో కూలబడ్డారు. "సత్యా, పిల్లేంటి ఇలా అంటోంది?" అన్నారు. నేను నోరు తెరిచాను. ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది నాలుక మీద, ఆ రోజు లేదు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. ఆయనకు అదే జవాబైంది.

2007, వేసవి

పెద్దాసుపత్రి, మానసిక వైద్య విభాగం. ఈసారి ఆయనే వచ్చారు. అక్కడి బెంచీ మీద ఎవరూ ఎవరి మొహం చూడరు. ఎవరికి వారు తమ పర్చీ వైపే కళ్ళార్పకుండా చూస్తుంటారు. ఆయన అన్నారు. "నవంబరు నుంచి మార్చి దాకా, నాలుగు నెలలు. ఒక్క మాట చెప్పకూడదటే? గుమాస్తానే గాని, గోడను కాదు కదా నేను."

"గోడైతే చెప్పేదాన్నండి," అన్నాను. ఆయన నవ్వలేదు. చేతిరుమాలుతో కళ్ళజోడు తుడుచుకున్నారు, తుడిచిందే తుడుస్తూ కూర్చున్నారు. నా మాటలు గుచ్చుకుంటాయి కూడానని అప్పుడు చూశాను.

బిళ్ళలు ఇచ్చారు. నోరు ఎండిపోవడం, మత్తు, చేతులు వణకడం. ఆయన ఓపిగ్గా రోజూ తానే లెక్కపెట్టి ఇచ్చేవారు. సుజాతక్క ఏమీ అడగకుండా పదిహేను రోజులు పొద్దుటిపూట కూర పంపింది. జూలై నాటికి పాలు పొంగేలోపు స్టవ్ కట్టగలుగుతున్నాను. మీకిది చిన్న విషయం. నాకు మాత్రం ఆ రోజు పండగ.

అక్కడ నన్ను చూసే డాక్టరమ్మ వెనకటి సంగతులు అడిగితే, హారిక పుట్టినప్పుడు ఒకసారి, అంతకు ముందు పెళ్ళైన కొత్తలో ఒకసారి ఇలాగే అయిందని ఆయనే గుర్తుచేశారు. వచ్చి పోయి మళ్ళీ వచ్చే రకం ఇది, మందులతో పాటు ఇంకో పని కూడా చెయ్యాలి, అది వస్తున్నప్పుడే గుర్తుపట్టడం నేర్చుకోవాలి అందామె. ఎనిమిది బుధవారాలు, పొద్దున పదింటికి తరగతి. ఎనిమిదో తరగతి సగంలో మానేసినదాన్ని, మళ్ళీ ఎనిమిది వారాలట. ఆ మిగిలిన సగం పూర్తి చేయిస్తున్నారనుకున్నాను.

2007, సెప్టెంబరు నుంచి

గదిలో జంపఖానా, గోడవారగా ప్లాస్టిక్ కుర్చీలు, ఏడుగురు మనుషులం. నేర్పే ఆవిడ నీలిమా మేడమ్, పంజాబీ మనిషి, మందులు రాసే డాక్టరు కాదు, మాట్లాడించే డాక్టరు. మొదటి రోజు తలా ఒక కిస్‌మిస్ పండు చేతిలో పెట్టి, దాన్ని చూడమంది. ముడతలు చూడమంది, వాసన చూడమంది, చెవి దగ్గర పెట్టుకుని వినమంది. అయిదు నిమిషాలైనా తిననివ్వలేదు.

నాకున్న హిందీలో అన్నాను. "మేడమ్, శాదీ మే దూల్హే కో భీ ఇత్‌నా నహీ దేఖా."

పెళ్ళికొడుకునే ఇంతసేపు చూడలేదంటే అందరూ నవ్వారు. మేడమ్ కూడా నవ్వింది. నవ్వాక, మెల్లిగా అడిగింది. "సత్యవతీ జీ, యే బోల్‌నే సే ఠీక్ పహ్‌లే, గలే మే క్యా థా?" ఈ మాట అనడానికి సరిగ్గా ముందు గొంతులో ఏముందట.

"క్యా హోగా మేడమ్, గలా థా." గొంతులో గొంతే ఉంటుంది కదా. మళ్ళీ నవ్వులు.

"అచ్ఛా. అగ్‌లీ బార్ దేఖియేగా." ఈసారి వచ్చినప్పుడు చూడమంది, అంతే.

ఇంటి దగ్గర రోజూ కాసేపు కళ్ళు మూసుకుని ఊపిరిని గమనించమన్నారు. నేను ఊపిరి దగ్గర మొదలుపెట్టి, సాంబారులో ఉప్పు వేశానా లేదా అన్న దగ్గర తేలేదాన్ని. మేడమ్‌తో చెప్తే, ఉప్పు దగ్గరికి వెళ్ళానని తెలిసింది కదా, అదే పని, మళ్ళీ ఊపిరి దగ్గరికి రండి అంది. ఇది ధ్యానం చేసి మహాత్ములయ్యే వ్యవహారం కాదు. ఒంట్లో, మనసులో ఏది వస్తోందో దాన్ని తరమకుండా, దాని వెంట పరిగెత్తకుండా చూడడం. చెప్పడానికి ఒక్క వాక్యం. చెయ్యబోతే నాకు ప్రాణం మీదకొచ్చింది.

ఎందుకంటే మూడో వారంలో నాకు దొరికింది. డాబా మీద ఎవరో "ఇప్పుడెలా ఉందే?" అని అడిగారు. గొంతు కింద, లంగా బొందు లాగి ముడేసినట్టు బిగిసింది. ఆ వెంటనే నోటికో వెటకారం తయారైంది. బిగుతు ముందు, జోకు తరువాత. జోకు వెయ్యగానే బొందు వదులవుతుంది. నేను నవ్వించేది వాళ్ళకోసం అనుకున్నాను ఇన్నాళ్ళూ.

అయిదో వారం, బాధపెట్టే విషయం ఒకటి తలుచుకుని, దాని దగ్గరే కొంచెంసేపు కూర్చోమన్నారు. నాకు ఆ శనివారం డాక్టరు గది కనిపించింది. నా మొహంలోకి చూస్తున్న పిల్ల. బొందు బిగిసింది. నేను జోకు వెయ్యలేదు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, చెప్పబోతే హిందీ లేదు.

"తెలుగు మే బోలియే," అంది మేడమ్. "హమ్ సునేంగే." తెలుగులోనే చెప్పండి, మేం వింటాం అని.

చెప్పాను. ఒక్క ముక్క అర్థంకాని ఏడుగురి ముందు, మా గోదావరి తెలుగులో, పిల్ల మాట మార్చడం, నాకు తెలిసి ఊరుకోవడం, మజాకే అనడం, పదిమందిలో జైలరనడం, అంతా. వాళ్ళు కదలకుండా విన్నారు. అయిపోయాక ఫరీదాబాద్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన తన నీళ్ళ సీసా నా చేతికిచ్చి, "బహుత్ అచ్ఛా బోలా బేటీ. సమఝ్ మే కుఛ్ నహీ ఆయా," అన్నాడు. చాలా బాగా చెప్పావు తల్లీ, ఒక్క ముక్కా అర్థం కాలేదని.

అందరం నవ్వాం, నేనూ నవ్వాను. ఆ నవ్వుకు ముందు బిగుతు లేదు.

వెళ్ళేముందు మేడమ్ నన్ను ఆపింది. "జిసే సున్‌నా చాహియే, ఉసే తో తెలుగు ఆతీ హై నా?"

వినాల్సినదానికి తెలుగు వచ్చు. అదే కదా కష్టం.

2007, నవంబరు

మూడు వారాలు వాయిదా వేశాను. పరీక్షలున్నాయని ఒకసారి, పిల్లకు జలుబని ఒకసారి. ఒక ఆదివారం పొద్దున అది టేబుల్ దగ్గర ఉప్మా తింటుంటే ఎదురుగా కూర్చున్నాను.

"హారీ, ఆ రోజు డాక్టరు దగ్గర నువ్వు మాట మార్చి చెప్పావు. నాకప్పుడే తెలిసింది. తెలిసీ ఊరుకున్నాను. తప్పు నాది."

అది చెంచా ఆపలేదు. "పతా హై," అంది.

"ఏం పతా హై?"

"కి ఆప్‌కో పతా థా. ఆప్‌నే మేరీ తరఫ్ దేఖా. ఫిర్ ఆప్ హంసీ."

నాకు తెలుసన్న సంగతి దానికి తెలుసు. నేను దానివైపు చూసి నవ్వానట. అమ్మను మోసం చేశానని అది బాధపడుతోందేమో అనుకున్నాను అన్నాళ్ళూ. అది మోసింది వేరే. అమ్మకు అంతా తెలిసే, ఈ బరువు తన మీద పెట్టి నవ్విందని.

బొందు బిగిసింది. నాలుక చివర మాట సిద్ధంగా ఉంది, భలే మాట, పిల్ల నవ్వి ఊరుకునేది. గచ్చు మీద అరికాళ్ళు చల్లగా తగులుతున్నాయి. ఆ చల్లదనం దగ్గరే ఉండిపోయాను.

"అవును," అన్నాను.

అప్పుడు చెంచా పెట్టేసింది. "ముఝే లగా సహీ బోలూంగీ తో వో ఆప్‌కో రఖ్ లేంగే." ఉన్నది ఉన్నట్టు చెప్తే ఆసుపత్రివాళ్ళు నన్ను ఉంచేసుకుంటారనుకుంది. పన్నెండేళ్ళ బుర్రకు తట్టిన ఉపాయం, అమ్మను ఇంటికి తెచ్చుకోవడం. దాని ముందు మేమందరం ఎంత చదువుకున్నాం కనుక?

కౌగిలించుకోవడాలేమీ జరగలేదు. ప్లేటు తీసుకుని గదిలోకెళ్ళి తలుపేసుకుంది. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. కోపం చూపించడానికి దానికి సంవత్సరం తరువాత ధైర్యమొచ్చింది. ఇంక అమ్మ విరిగిపోదని నమ్మకం కుదిరితేనే కదా పిల్లలు అలిగేది. ఆ అలక నాకు తగిలింది, తగలనిచ్చాను.

దిగులు మళ్ళీ రాలేదా అంటే వచ్చింది. తరువాతి వానాకాలంలో పాలు ఒకసారి పొంగాయి. ఈసారి ఆ రోజే ఆయనతో చెప్పాను, డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. చదివే తల్లులకు ఒక్క మాట: మీ పిల్లల్ని మీ బాధకు నోరు చెయ్యకండి. ఆసుపత్రిలో తెలుగు నర్సమ్మ ఉందేమో అడగండి, పక్కింటావిడ కాళ్ళు పట్టుకోండి, వచ్చీరాని హిందీలో ఏడవండి. డాక్టర్లకు ఏడుపు అర్థమవుతుంది. నవ్వుతూ చెప్పకండి, అంతే.

2008, డిసెంబరు

బడివాళ్ళు మూడు రోజులు జైపూర్ తీసుకెళ్తామన్నారు. హారిక పేరివ్వలేదు. ఆయన సంతకం పెట్టి కాగితం టేబుల్ మీద పెడితే, అది నా దగ్గరికొచ్చి నిలబడింది.

"ఆప్ ఠీక్ రహోగీ?"

"రోజూ బాగుంటానని చెప్పలేనే. బాగోకపోతే నాన్నకు చెప్తాను, డాక్టరమ్మకు చెప్తాను. కాపలా పని మాత్రం ఇంక నీది కాదు."

"పక్కా?"

"పక్కా."

రోజూ సాయంత్రం ఆరింటికి టీచరు మొబైలు నుంచి ఫోన్ చేస్తానన్న షరతు మీద వెళ్ళింది. మొదటి రోజు పది నిమిషాల ముందే చేసింది. తిన్నావా, బిళ్ళ వేసుకున్నావా, నాన్న ఇంట్లోనే ఉన్నారా.

రెండో రోజు ఆరైంది. ఫోన్ పక్కనే కూర్చున్నాం ఇద్దరం. ఆరుంబావు, ఆరున్నర. ఆయన పేపరు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టారు.

"ఏమైందంటావ్? టీచరుగారికి చెయ్యనా?"

నాకు ఛాతీలో చిన్నగా పోటు. దాన్ని చూస్తూ కూర్చున్నాను. పిల్ల ఏ బజారులోనో స్నేహితులతో గాజులు చూస్తుంటుంది. ఎవర్నో చూసి నవ్వుతుంటుంది. ఆరైందని దానికి తెలియదు. రెండేళ్ళుగా నన్ను ఒక్క గంట మర్చిపోని పిల్ల.

ఆయన రిసీవరు ఎత్తారు. ఆ చెయ్యి పట్టుకున్నాను.

"వద్దండీ," అన్నాను. "మర్చిపోనివ్వండి."